అమీర్‌పేటలో దొరకని అనుభవం

పంజాగుట్టలో మెట్రో దిగి అమీర్‌పేట మైత్రీవనం దాకా ఓ సాయంత్రం నడిచి చూడండి. తలెత్తితే ఆకాశం కన్నా ముందు బోర్డులు కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ బోర్డుల నిండా ఒరాకిల్, జావా, మెయిన్‌ఫ్రేమ్స్ ఉండేవి. ఇప్పుడు పైథాన్, క్లౌడ్, డేటా సైన్స్ ఉన్నాయి. బోర్డు మీద పేర్లు మారాయి గానీ బోర్డు కింద జీవితం పెద్దగా మారలేదు. కరపత్రాలు పంచే కుర్రాళ్లు, బండి దగ్గర నిలబడి గబగబా ఇడ్లీ తినేసి క్లాసుకు పరుగెత్తే అమ్మాయిలు, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకుని పడుకునే బతుకులు ఇరవై ఏళ్ల కిందటా ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి ఒకరు, ఖమ్మం నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఒకరు. వారిలో మన సంఘాల బిడ్డలు చాలామందే. ఊళ్లో తల్లి ఉపవాసముండి ప్రార్థిస్తుంటుంది, తండ్రి అప్పుచేసి ఫీజు పంపుతుంటాడు.

ఆ బోర్డుల మధ్యే స్పోకెన్ ఇంగ్లిష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్, లీడర్‌షిప్ స్కిల్స్ అనే బోర్డులూ ఉంటాయి. కొద్దివారాల్లో నాయకుణ్ణి చేస్తామంటారు. వాటిని మేము ఎగతాళి చేయడం లేదు. నలుగురిలో నోరు విప్పడానికే వణికిపోయే పల్లెటూరి బిడ్డకు ధైర్యంగా నిలబడి మాట్లాడటం నేర్పితే అది మంచి పనే. అయితే ఆ వీధుల్లో బోర్డు పెట్టకుండా అమ్మే సరుకు ఇంకొకటి ఉంది. దాని పేరు అనుభవం. చదువు ముగించి ఆరునెలలు కాని కుర్రాడికి మూడేళ్లు ఫలానా కంపెనీలో పనిచేసినట్టు కాగితాలు పుట్టిస్తారు. ఆఫర్ లెటర్, జీతం చీటీలు, రిలీవింగ్ లెటర్ అన్నీ ఉంటాయి. ఆ కంపెనీ ఉండేది కాగితం మీదే. ఈ రహస్యం పేరుకే రహస్యం, అమీర్‌పేటలో టీకొట్టు కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు.

చాలా ఏళ్ల కిందట ఓ ఆదివారం ఆరాధన ముగిశాక ఒక యువకుడు మా దగ్గరికొచ్చాడు. 'అయ్యగారూ, రేపు ఇంటర్వ్యూ, ప్రార్థన చేయండి' అన్నాడు. చేతిలో ఫైలుంది. అతను హైదరాబాద్‌కొచ్చి యేడాది కూడా కాలేదని మాకు తెలుసు. ఆ ఉద్యోగానికి మూడేళ్ల అనుభవం కావాలని అంతకుముందే అతని స్నేహితుడి ద్వారా విన్నాం. అయినా ఆ ఫైలు తెరవమని అడగలేదు. తలమీద చెయ్యివేసి, ద్వారాలు తెరవమని దేవుణ్ణి వేడుకున్నాం. ఉద్యోగం వచ్చింది. మరుసటి ఆదివారం అతను సాక్ష్యం చెప్పాడు, సంఘమంతా చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం. ఈ వ్యాసం రాయడానికి ఆ చప్పట్లే కారణం.

పని స్థలంలో నాయకుడిగా ఎదగడం గురించి మన సంఘాల్లో బోధ లేదని కాదు, ఉంది. నిన్ను తోకగా కాక తలగా ఉంచుతానని ద్వితీయోపదేశకాండంలో దేవుడిచ్చిన వాగ్దానం (28:13) మన క్యాలెండర్ల మీద, కార్ల అద్దాల మీద కనిపిస్తూనే ఉంటుంది. ప్రమోషన్ వచ్చినవాడు ఆ వచనమే ఎత్తి సాక్ష్యం చెబుతాడు. కానీ అదే వచనంలో ఆజ్ఞలు విని నడుచుకుంటే అన్న షరతు ఉంది. క్యాలెండర్ అచ్చువేసేవారికి చోటు చాలక కాబోలు, ఆ భాగం ఎగిరిపోతుంది. తల కావడమంటే ఏమిటో, తల అయినవాడు సోమవారం ఉదయం ఆఫీసులో ఏంచేయాలో చెప్పే ప్రసంగం మాత్రం చాలా అరుదు. ఉద్యోగం లోకసంబంధమైనదనీ, సువార్తసేవ ఆత్మసంబంధమైనదనీ రెండు అరలు చేసిపెట్టాం. వారానికి యాభైగంటలు గడిచే చోట విశ్వాసి ఎలా నడవాలో చెప్పకుండా, రెండుగంటలు గడిచే చోట ఎలా పాడాలో నేర్పుతున్నాం.

యోసేపు కథ మనందరికీ తెలుసు. పదిహేడేళ్ల వయసులో మొదలై (ఆది 37:2), ముప్ఫై ఏళ్ల వయసులో అతను ఫరో ఎదుట నిలబడేదాకా (ఆది 41:46) మధ్యలో పదమూడేళ్లున్నాయి. ఆ పదమూడేళ్ల అనుభవానికి అతని దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. ఉన్నదల్లా బానిసగా అమ్ముడుపోయిన చరిత్ర, యజమాని భార్య మోపిన నింద, జైలు. ఈనాటి హెచ్చార్ వాళ్ల చేతికి ఆ రెజ్యూమె ఇస్తే మొదటి వరుస చదివి పక్కన పడేస్తారు. యోసేపును మనం కలల మనిషిగా, పవిత్రత కోసం వస్త్రం వదిలి పారిపోయిన యువకుడిగా బోధిస్తాం. నిజమే. కానీ చెరసాలలో ఒక ఉదయం జరిగిన చిన్న విషయం మీద ప్రసంగం మేమెప్పుడూ వినలేదు.

రాజుగారి పానదాయకుల అధిపతి, భక్ష్యకారుల అధిపతి కూడా ఖైదీలుగా అదే చెరసాలలో ఉన్నారు. వాళ్ల అవసరాలు చూడటం యోసేపు పని. ఒక ఉదయం లోపలికి వెళ్లి చూస్తే ఇద్దరి ముఖాలూ దిగులుగా ఉన్నాయి. ఎందుకలా ఉన్నారని అతను అడిగాడు (ఆది 40:6,7). అంతే. ఐగుప్తునంతా కరవునుంచి గట్టెక్కించిన నాయకత్వం ఆ ప్రశ్నతో మొదలైంది. తాను చేయని నేరానికి జైల్లో మగ్గుతున్నవాడు, తన దుఃఖమే తనకు చాలినంత ఉన్నవాడు, పక్కవాడి ముఖం చూశాడు. ఖైదీల ముఖాలు ఎలా ఉన్నాయో చూడమని చెరసాల అధిపతి అతనికి చెప్పి ఉండడు. భోజనం అందించి, లెక్కచూసి, తలుపువేసి వచ్చేస్తే ఆ పూటకు పని ముగిసేది.

మన ఆఫీసుల్లో టీమ్ లీడర్లకు స్క్రీన్ మీద అంకెలు కనిపిస్తాయి, దాని వెనకున్న ముఖం కనిపించదు. నాలుగురోజులుగా ఒక అమ్మాయి భోజనానికి డబ్బా తెరవడం లేదంటే ఎవరూ అడగరు. ఆమె పని ఆలస్యమైతే మాత్రం నలుగురిలో నిలదీస్తారు. ముఖాలు చూడటం ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ కోర్సు కాదు. దానికి ఫీజు లేదు గానీ ఖరీదు ఉంది. తన సొంత దిగులును కాసేపు పక్కన పెట్టుకోవాలి.

అదే అధ్యాయంలో ఇంకొకటుంది. పానదాయకుడి కలకు మంచి అర్థం చెప్పాడు యోసేపు. అది విని భక్ష్యకారుడు ఆశగా తన కలా చెప్పాడు. మూడు రోజుల్లో నీకు మరణశిక్ష పడుతుందని అతనికి చెప్పాల్సి వచ్చింది (ఆది 40:18,19). ఏదో ఒక తీపిమాట చెప్పి తప్పించుకోవచ్చు, మూడు రోజుల తరువాత అడగడానికి ఆ మనిషే ఉండడు. అయినా ఉన్నదున్నట్టు చెప్పాడు. చేదు కబురు చెప్పగలిగినవాడని తేలిన తరువాతే ఫరో ఎదుట నిలబడే రోజు వచ్చింది. అక్కడా అతను ఏడేళ్ల సమృద్ధి గురించి చెప్పి ఆగిపోలేదు, ఆ వెనక వచ్చే ఏడేళ్ల కరవు గురించీ రాజు ముఖాన చెప్పాడు. పనిస్థలంలో నాయకుణ్ణి తేల్చే పరీక్ష ఇదేనని మా అభిప్రాయం. పై అధికారికి నచ్చని లెక్కను, నచ్చదని తెలిసీ మార్చకుండా చెప్పగలడా లేదా?

ఈ పరీక్షలో తప్పితే ఏమవుతుందో మన నగరం 2009లో చూసింది. ఆ ఏడాది జనవరి 7న సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు రామలింగరాజు తన లేఖలో, కంపెనీ లెక్కల్లో ఏళ్లతరబడి లేని సొమ్మును ఉన్నట్టు చూపించామని ఒప్పుకున్నారు. సుమారు 7 వేల కోట్ల రూపాయల వ్యవహారం. యాభై వేల మందికి పైగా ఉద్యోగులు ఒక్క ఉదయంలో దిక్కుతోచని స్థితిలో పడ్డారు. వారిలో అమీర్‌పేట మెట్లెక్కి దిగి పైకొచ్చినవాళ్లు ఎందరో. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష విధించింది. ఆ తరువాతి అప్పీళ్ల సంగతి న్యాయస్థానాలది, మనది కాదు. మాకు పట్టుకున్నది ఆ లేఖలోని ఒక్క సంగతి. అసలు లెక్కకూ చూపించిన లెక్కకూ మధ్య తేడా మొదట చిన్నదేనట. ఏడాదికేడాది దాన్ని కప్పిపుచ్చుతూ పోతే చివరికి దిగలేనంత పెద్దదైపోయింది. ఆ మనిషి చెడ్డపనులు మాత్రమే చేశాడని కూడా అనలేం. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ సేవ ఆయన చొరవతో వచ్చిందే, ఆ వాహనాలు ఎందరి ప్రాణాలో నిలిపాయి. దానం చేసే చెయ్యి, దొంగలెక్క రాసే చెయ్యి ఒకే మనిషికి ఉండొచ్చన్నది మనల్ని భయపెట్టాలి. సత్యం అనే పేరు పెట్టుకున్నంతలో సత్యం నిలవదని అప్పట్లో అందరూ నవ్వుకున్నారు. క్రైస్తవులమని పేరు పెట్టుకున్న మనం ఆ నవ్వులో చేరేముందు కాస్త ఆగాల్సింది.

ఎందుకంటే చిన్న తేడా అంటే ఏమిటో ఆ ఫైలులో ఉంది. మేము తెరవని ఫైలు. మూడేళ్లు అని రాసినచోట నిజం సున్నా.

ఇక నాయకత్వమంటే తెలివైన నిర్వహణ అనుకునేవాళ్లకు యోసేపు కథలోనే ఒక ఇబ్బందికరమైన పేజీ ఉంది. కరవు ముదిరినప్పుడు ఐగుప్తు జనం మొదట డబ్బిచ్చి ధాన్యం కొన్నారు, తరువాత పశువులిచ్చారు, చివరికి పొలాలిచ్చి, తమను తామే ఫరోకు దాసులుగా రాసిచ్చుకున్నారు. ఆ పత్రాలన్నీ రాయించుకున్నది యోసేపే (ఆది 47:13-25). ప్రాణాలు నిలిపాడు, కాదనడం లేదు. జనం కూడా కృతజ్ఞత చెప్పారు. కానీ రాజుగారి ఖజానా నింపిన ఆ సమర్థత, పొలమున్న రైతును పాలేరుగా మార్చింది. భక్తుడు చేశాడు గనుక అంతా ఒప్పేనని మేము అనలేం. పై అధికారికి లాభం తెచ్చిపెట్టడమే పరమార్థమైన నాయకుడు, ఎంత భక్తిపరుడైనా, కింది మనిషి మెడమీద కాలు పెడుతున్న సంగతి గమనించకపోవచ్చు.

దీనికి పూర్తిగా ఎదురుదిశలో నడిచిన ఒక అధికారి మన రాష్ట్రంలోనే ఉండేవారు. ఎస్.ఆర్. శంకరన్. పుట్టింది తంజావూరులో, ఐఏఎస్ అధికారిగా జీవితంలో ఎక్కువ భాగం గడిపింది తెలుగునేల మీద. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. చట్టం వచ్చినా ఊళ్లలో జీతగాళ్లు దొరల ఇళ్లలోనే ఉండిపోయారు. సాంఘిక సంక్షేమ శాఖలో ఉన్నతాధికారిగా శంకరన్ ఆ చట్టాన్ని ఫైలులో ఉంచకుండా ఊళ్లకు తీసుకెళ్లారు. నువ్వు విడుదలయ్యావని పాలేరుకే నేరుగా చెప్పించారు. భూస్వాములకది మింగుడుపడలేదు, అప్పటి ముఖ్యమంత్రికీ నచ్చలేదు. మాట మార్చుకుని పదవి నిలుపుకోవడం ఆయనకు చాతకాలేదు, రాష్ట్రం వదిలి వెళ్లాల్సి వచ్చింది. త్రిపురకు వెళ్లి అక్కడ ప్రధాన కార్యదర్శిగా చేశారు. తరువాత తిరిగివచ్చి మళ్లీ ఆ పేదల పనే చేశారు. పెళ్లి చేసుకోలేదు. జీతంలో చాలాభాగం పేదపిల్లల చదువులకు పోయేదని ఆయన్ని ఎరిగినవాళ్లంతా చెబుతారు. 1992లో పదవీ విరమణ చేశారు. 2005లో కేంద్రప్రభుత్వం పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. 2010 అక్టోబరు 7న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

పదవీ విరమణ తరువాత ఆయన చేసిన ఒక పని మమ్మల్ని ఎక్కువగా ఆకర్షిస్తుంది. కర్ణాటకలోని కోలార్ బంగారుగనుల ఊళ్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ అనే యువకుడు, చేతులతో మలం ఎత్తే వృత్తిని లేకుండా చేయాలని పోరాడుతున్నాడు. చదువుకున్నవాడు ఉపాధి కార్యాలయానికి పేరు నమోదుకు వెళితే, కులాన్ని చూసి పాకీపని అని రాసిన అనుభవం అతనిది. సఫాయి కర్మచారి ఆందోళన్ పేరుతో ఆ పోరాటం ఉద్యమమైనప్పుడు శంకరన్ దానికి అండగా నిలిచారు. రాష్ట్రాల ప్రధాన కార్యదర్శి స్థాయిలో పనిచేసిన మనిషి, పాకీపని చేసేవాళ్ల బిడ్డను ముందు నిలబెట్టి తాను వెనక నిలబడ్డారు. 1993లో వచ్చిన నిషేధచట్టం అమలు కావడం లేదని ఆ ఉద్యమం 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2013లో కొత్త చట్టం వచ్చింది, 2014లో తీర్పు వచ్చింది. అప్పటికి శంకరన్ లేరు. 2016లో విల్సన్‌కు మెగసెసే పురస్కారం వచ్చింది. తాను చూడని రోజుకోసం, తన పేరు రాని ఫలితం కోసం ఒక పెద్దాయన పనిచేశారన్నమాట. ఆయన క్రైస్తవుడు కాడు. అయినా మీలో గొప్పవాడు కావాలనుకునేవాడు పరిచారకుడు కావాలన్న క్రీస్తు బోధకు (మార్కు 10వ అధ్యాయం చూడండి) మా నగరంలో ఉదాహరణ వెతికితే ముందు ఆయనే గుర్తుకొస్తారు. మన విశ్వాసులైన మేనేజర్లు గుర్తుకొస్తే ఇంకా సంతోషించేవాళ్లం.

పెద్ద పదవుల సంగతి వదిలేద్దాం. టాయిలెట్లు కడిగే అక్క పేరు తెలిసిన టీమ్ లీడర్లు ఎంతమంది? పంజాగుట్ట, అమీర్‌పేటల్లోని ఏ ఆఫీసులోనైనా, సోమవారం ఉదయం అందరికన్నా ముందొచ్చి, మిగతావాళ్లు వచ్చేలోగా కనబడకుండా పోయేది ఆమే. ఆదివారం మన పక్క వరుసలో కూర్చుని పాటలు పాడేదీ చాలాసార్లు ఆమే. కపెర్నహూములో ఒక రోమా శతాధిపతి ఉండేవాడు. వందమంది సైనికుల మీద అధికారి. పొమ్మంటే పోయేవాళ్లు, రమ్మంటే వచ్చేవాళ్లు తనకున్నారని అతనే చెబుతాడు. కానీ అతను యేసు దగ్గరికొచ్చింది ప్రమోషన్ కోసం కాదు, ఇంట్లో పనివాడు పక్షవాతంతో పడివున్నాడని (మత్తయి 8:5-13). తానూ ఒకరి అధికారం కింద ఉన్నవాణ్ణేనని మొదట చెప్పి, తరువాతే తన కిందివాళ్ల సంగతి ఎత్తాడు. యేసు ఆశ్చర్యపడ్డాడని సువార్తలో రాసింది ఇలాంటి ఒకటి రెండు చోట్ల మాత్రమే. పనివాడి జబ్బు సెలవును జీతంలో కోసేసి, ఆ సాయంత్రమే ప్రార్థన కూటంలో పాటలు నడిపించే మనల్ని చూసి కూడా ఆయన ఆశ్చర్యపడుతుండొచ్చు, వేరే రకంగా.

మరో తప్పు మంచివాళ్లు చేసేది. అన్నీ తామే చేయడం. మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీర్చేవాడు. మామ యిత్రో వచ్చి చూసి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, పని పంచు అని మందలించాడు (నిర్గమ 18:13-23). ఎవరికి పంచాలో కూడా చెప్పాడు. సమర్థత ఉండాలి, దైవభయం ఉండాలి, మాట నమ్మదగినదై ఉండాలి, లంచం అసహ్యం కావాలి. సమర్థత ఒక్కటే చాలదన్నాడు. మోషే అంతటివాడు ఆ సలహా విన్నాడు, దేవుడితో ముఖాముఖి మాట్లాడే నాకు నువ్వా చెప్పేదని అనలేదు. రాత్రి పదకొండుదాకా ఆఫీసులో కూర్చోవడం అంకితభావమని మనవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు అది కిందివాడిని నమ్మలేకపోవడమే. అతనికి పని నేర్పితే తన కుర్చీకి పోటీ వస్తాడన్న భయం కూడా ఉంటుంది.

ఇప్పుడా యువకుడి సంగతి చెప్పాలి. ఉద్యోగమైతే వచ్చింది. పని రాదు. రోజూ రాత్రి ఎవరికో డబ్బిచ్చి ఫోన్లో చెప్పించుకుని మర్నాటి పని నెట్టుకొచ్చాడు. ఇలా పని చెప్పిపెట్టే బేరాలూ అమీర్‌పేటలో ఉన్నాయి. ఆరేడు నెలలు నిద్రలేదు. తెలివైనవాడు గనుక నేర్చుకున్నాడు, అయిదారేళ్లకు టీమ్ లీడర్ కూడా అయ్యాడు. పెళ్లయింది, నిజాంపేటలో ఫ్లాటుకు అప్పు తీసుకున్నాడు. సంఘంలో యువజనులకు ఆదర్శంగా అతన్ని మేమే చాలాసార్లు చూపించాం.

ఓ శుక్రవారం రాత్రి వచ్చాడు. ఆ రోజు ఆఫీసులో కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే బాధ్యత అతనికిచ్చారట. ఎదురుగా కూర్చున్న కుర్రాడి కాగితాల్లో ఒక కంపెనీ పేరు చూశాడు. తన కాగితాల్లో ఉన్న పేరే. లేని ఆ కంపెనీయే. కుర్రాడి చేతులు వణుకుతున్నాయట. 'అయ్యగారూ, అది దొంగ కాగితమని తెలిసే హక్కు నాకు లేదు, తెలియనట్టు ఉండే హక్కూ లేదు. ఏం చేయమంటారు?' అని అడిగాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర వెంటనే జవాబు లేదు. కాగితం నిజం కాదని కంపెనీకి చెబితే కుర్రాడి బతుకు పోతుంది, పైగా చెప్పేవాడూ దొంగే. చెప్పకపోతే అబద్ధానికి రెండోసారి సంతకం పెట్టినట్టు. తన గతం కూడా చెబితే ఇల్లు, అప్పు, భార్య కడుపులో బిడ్డ. జక్కయ్య నిలబడి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19:8). ప్రసంగంలో ఆ మాట చెప్పడం ఎంత తేలికో, ఎదుట కూర్చున్న మనిషికి చెప్పడం ఎంత కష్టమో ఆ రాత్రి తెలిసింది. నువ్వు ఇలా చెయ్యి అని మేము చెప్పలేకపోయాం. మొదట మా తప్పు ఒప్పుకున్నాం. ఆ ఆదివారం ఫైలు అడగకపోవడం మాది అని చెప్పాం. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

సోమవారం అతను ఇంటర్వ్యూ బాధ్యత నుంచి తప్పుకున్నాడు. మూడు వారాల తరువాత, భార్యతో మాట్లాడుకుని, పై అధికారి గదికి వెళ్లి తన కాగితాల సంగతి తానే చెప్పాడు. ఆయన మంచివాడే, కానీ నియమం నియమమే. ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాడు. ఫ్లాటు అమ్మేశారు. తరువాత ఓ చిన్న కంపెనీలో, నిజంగా తాను పనిచేసిన ఏళ్లు మాత్రమే రాసుకుని, అంతకుముందు జీతంలో సగానికి చేరాడు. ఇప్పుడతని కింద ఎవరూ లేరు. సంఘంలో కొందరు పెద్దలు అతను తొందరపడ్డాడన్నారు. దేవుడు క్షమించేశాక మనుషులకు చెప్పుకోవడమెందుకని ఒకాయన మమ్మల్నే నిలదీశారు. అలాంటి సలహా ఇచ్చినందుకు అతని మామగారు మాతో ఇప్పటికీ మాట్లాడరు. మేము సలహా ఇవ్వలేదని చెప్పినా నమ్మరు.

పాత టీమ్‌లో అతని కింద పనిచేసిన నలుగురు మాత్రం అప్పుడప్పుడు మా మందిరానికి వస్తుంటారు. వాళ్లలో ఇద్దరు క్రైస్తవులు కారు. ఆఫీసులో ఏదైనా చిక్కు వస్తే అతనికే ఫోన్ చేస్తారట. మేనేజరు ఉన్నాడు కదా అని అడిగితే, 'ఆయనుంటాడు సర్, అన్న దగ్గరైతే నిజం చెప్పొచ్చు' అన్నారు.

ఆ ఇంటర్వ్యూకు వచ్చిన కుర్రాడు ఏమయ్యాడో మాకు తెలియదు. ఏదో ఒక ఆదివారం మన సంఘాల్లో ఏదో ఒకదానికి వచ్చి, ప్రార్థన చేయండి అయ్యగారూ అని తల వంచే ఉంటాడు.

ఈమధ్య మేము ఒక అలవాటు చేసుకున్నాం. ఇంటర్వ్యూకు ప్రార్థన చేయమని ఎవరైనా వస్తే, కూర్చోబెట్టి, బాబూ రెజ్యూమె ఏదీ అని అడుగుతున్నాం. ముందు కాగితం చదివి, తరువాత ప్రార్థిస్తున్నాం. ఇద్దరు ముగ్గురు మమ్మల్ని అడగడం మానేశారు, ప్రార్థించే అయ్యగార్లు అమీర్‌పేటలో చాలామందే ఉన్నారు మరి. మిగిలినవాళ్లు కాగితం తెస్తున్నారు. అందులో అనుభవం అన్నచోట ఖాళీగా ఉంటే, ఆ ఖాళీ మీదే చెయ్యి పెట్టి ప్రార్థిస్తున్నాం.